తాండ్ర వాసన

చిన్నమ్మలు చీపురు చంకన పెట్టుకుని మరుగుదొడ్ల వరసలో ఒక్కో తలుపు దగ్గరా ఆగి వాసన చూస్తోంది. కొండ మీది ఆశ్రమ పాఠశాల బాలికల హాస్టల్లో ఊడ్చే పనికి తోడు వార్డెన్ రత్న మేడం ఈ పని కూడా తగిలించింది. "ఈ-సిగరెట్లు వస్తున్నాయట, కనిపెట్టు" అంది. ఏ సిగరెట్లైతేనేం, పొగ పొగే కదా అనుకుంది చిన్నమ్మలు. దొరికిన పిల్ల చదువు ఆ రోజుతో సరి, టీసీ చేతిలో పెట్టి ఇంటికి పంపేస్తారు.

బీడీ అయితే ఆమె ముక్కు ఇట్టే పట్టేస్తుంది. ఆమెది అడ్డపొగ, చుట్ట నిప్పు నోట్లోకి తిప్పి పీల్చే అలవాటు. కానీ కొన్నాళ్లుగా చివరి గదిలో వచ్చేది మామిడి తాండ్ర వాసన. పాపం ఏ పిల్లో తెచ్చుకుని దాచుకు తింటోందని జాలిపడి మేడం చెవిన వేయలేదు.

ఇవాళ ఆ తలుపు గడియ పడలేదు. తోస్తే లోపల తొమ్మిదో తరగతి మెర్లిన్, చేతిలో పెన్నులాంటిది, నోట్లోంచి తెల్లటి పొగ. తాండ్ర వాసన గుప్పుమంది. ఇన్నాళ్లూ తన వెధవ జాలే దీనికి కాపలా కాసింది.

"ఏటి సేత్తన్నావే గుంటా?"

"నిప్పు లేదు మామ్మా, ఉట్టి ఆవిరే. నువ్వు చుట్ట తాగవేటి?"

మేడంతో చెబితే పిల్ల చదువు పోతుంది. చెప్పకపోతే పిల్లే పోతుంది. చిన్నమ్మలు గుమ్మంలో చతికిలబడి నోరు తెరిచింది. అంగిలి తెల్లగా పాలిపోయి, నడుమ పుండు నల్లగా ఉంది. మెర్లిన్ మొహం తిప్పుకోబోతే గడ్డం పట్టుకుని ఆపింది.

"మా అత్తకి అవుపడకూడదని నిప్పు లోపలికి తిప్పినాను. ఎవులికీ అవుపడలేదు. ఇప్పుడు గంజి కూడా దిగదు. అదిలా ఇచ్చీయే."

మెర్లిన్ ఇవ్వలేదు. పిడికిలి బిగించుకుని వెళ్లిపోయింది.

ఆ పుండు చూసి విశాఖ పెద్దాసుపత్రి వాళ్లు, వచ్చి చేరమని ఎప్పుడో చెప్పారు. రేపుమాపంటూ నెట్టుకొచ్చింది, ఇక ఓపిక లేదు. మధ్యాహ్నం సెలవు అడగబోతే మేడం "వాసనేమైనా వచ్చిందా?" అంది. "నేదమ్మా" అని, విశాఖ బస్సెక్కింది. పిల్లను అలా వదిలేసి వస్తున్నందుకు దారంతా ఏడుపు వస్తూనే ఉంది.

సాయంత్రం ప్రార్థన అయ్యాక మెర్లిన్ వంటింటి వెనక చిన్నమ్మలు ఉండే గదికి వచ్చింది, ఆ పెన్ను ఇచ్చేద్దామని. గదిలో మనిషి లేదు. చిన్నమ్మలు మళ్లీ ఆ కొండ ఎక్కలేదు. కింద విశాఖలో చలి ఉండదనుకుందేమో, తన ఉన్ని టోపీ గోడ మేకుకే వదిలేసింది.