ఇంట్లో ఎన్ని ఓట్లు

2008 నవంబరు ఇరవై నాలుగు, సోమవారం, ఉదయం ఏడు గంటల పది నిమిషాలు. రాత్రి మొదలైన జల్లు ఆగింది కానీ ఇల్లందు మీద మంచు ఇంకా విడవలేదు. వంటింట్లో ఏంజెల్ చాయ్ వడగడుతుండగా, వాకిట్లో ఓటర్ల జాబితా రాసుకునే పోతయ్య సారు గొంతు వినిపించింది.

“ఇంట్ల ఎన్ని ఓట్లు, షాలేమన్నా?”

“మూడు. నేను, నా ఇంటామె, డేవిడ్‌గాడు,” అన్నాడు ఏంజెల్ నాన్న షాలేమ్‌రాజు.

“బిడ్డ డిగ్రీ సదువుతున్నది గద?”

“పెండ్లయినంక అత్తగారింటికాడ రాపిచ్చుకుంటది తియ్యి. ఏంజెల్, సారుకు చాయ్ తే!”

తెచ్చింది. ఆ ఇంట్లో నీళ్లు మోసి, అన్న చొక్కాలు ఉతికి, నాన్న డ్యూటీకి టిఫిన్ కట్టే మనిషి, పనుల లెక్కలో ఏనాడూ తప్పిపోని మనిషి, ఓట్ల లెక్కకు వచ్చేసరికి లేకుండా పోయింది. ఈ ఇంటి మనిషి కాదు. ఎక్కడుందో తెలియని ఆ అత్తింటి మనిషి అంతకన్నా కాదు. తన పేరు ఎక్కడో ఒకచోట అచ్చులో ఉండాలన్న కోరిక ఆ ఉదయమే పుట్టిందనుకోవడం పొరపాటు. దానికొక కారణం మాత్రం ఆ ఉదయం దొరికింది.

కాలేజీ నుంచి ఓటు నమోదుకు ఆరో నంబరు ఫారం తెచ్చుకుంది. చిరునామా రుజువుకు రేషన్ కార్డు కావాలి. అది నాన్న ట్రంకుపెట్టెలో ఉంది. ఆయన స్నానానికి వెళ్లినప్పుడు అమ్మ ఆరోగ్యమ్మ దాన్ని తీసి ఏంజెల్ టిఫిన్ డబ్బా కింద పెట్టింది.

“జిరాక్సు తీపిచ్చి మాపటికల్లా తే బిడ్డా.”

“ఎవరికెయ్యాల్నో నాయినే చెప్తడు గద నీకు. ఇంక ఓటు ఎందుకమ్మా?”

“చెప్తడు. ఓటేసే అట్ట ఎనక నేనేం నొక్కిన్నో చూస్తడా?” అమ్మ నవ్వి, వెంటనే నవ్వాపేసింది. “అది పక్కకు పెట్టు. గాడ నిలబడ్డంతసేపు నన్నెవరూ పిలవరే.”

“ఎవర్నడిగి రాసినవ్?” అని ఏంజెల్ పేరుతో ఓటరు చీటీ వచ్చిన రోజు కేకలేసిన నాన్న, 2009 ఏప్రిల్ పదహారున ఏ గుర్తు నొక్కాలో చెప్పి మరీ పంపాడు. తల్లీకూతుళ్లు వంట ముగించి, పదిన్నర ఎండలో బడికి నడిచారు. వేలి మీద సిరా తడి ఆరకముందే ఏంజెల్ అట్ట వెనక్కి చేరింది. నీళ్లడిగేవాళ్లు లేరు. కూరలో ఉప్పు తగ్గిందనేవాళ్లు లేరు. తాను అనుకున్న మీటలే రెండూ నొక్కింది. బీప్ ఆగిపోయినా కదలలేకపోయింది. అమ్మ ఇరవై ఏళ్లుగా ప్రతి ఎన్నికకూ ఎదురుచూసుకున్న చోటు ఇంతేనా, ఇంత ఇరుకా అని అట్ట అంచు తడిమింది.

“అయిపోయింది గదమ్మా, జల్దీ రా,” అన్నాడు అధికారి.

2013 చివర్లో జాబితా సరిచూడడానికి పోతయ్య సారు మళ్లీ వచ్చాడు. కొత్తగా వచ్చిన కోడలితో కలిపి నాలుగు ఓట్లని చెప్పాడు షాలేమ్‌రాజు. సారు చేతిలోని జాబితాలో ఐదు పేర్లున్నాయి.