నిమ్మకాయ నలిపిన మోటారు

నేను ఒక మోటారును. గిరగిరా తిరిగే జాతి కాదు, తోసే జాతి. మీట నొక్కితే నా కడుపులోంచి ఉక్కు కడ్డీ బయటికి వస్తుంది, మళ్ళీ నొక్కితే లోపలికి పోతుంది. చదువుకున్నవాళ్ళు నన్ను ఆక్చుయేటర్ అంటారు. ఎక్కడ పుట్టానో గుర్తులేదు గాని, విశాఖపట్నంలో ఒక ఆసుపత్రి మంచం కింద చాలా ఏళ్ళు కొలువు చేశాను. రోగి తలవైపు ఎత్తడం, దించడం నా పని. గబుక్కున ఎత్తితే కుట్లు తెగుతాయని, నన్ను చేసినవాడు నాలో తొందర అన్నది పెట్టనే లేదు. పైకి లేచిన ప్రతివాడూ దేవుడికి దండం పెట్టేవాడు. ఎత్తింది మాత్రం నేను.

ఆ మంచం మీద ఆఖరున నెలల తరబడి పడుకున్నవాడు అసిరయ్య. పాడేరు కొండల ఘాటు రోడ్డు మీద లారీ తోలేవాడు. లారీ లోయలో పడి నడుం విరిగింది, ఇక కాళ్ళలో ప్రాణం లేదు. నేను కూత పెడుతూ లేచినప్పుడల్లా భార్య పైడమ్మతో, "ఈ సప్పుడు ఇంటే నాకు సచ్చిపోవాలనిపిస్తాదే" అనేవాడు. నేను నా కూత మానలేదు.

అతను ఇంటికి వెళ్ళాక ఆసుపత్రివాళ్ళు పాత మంచాలను తుక్కుకి అమ్మేశారు. గాజువాకలో ఆ కుప్పలోంచి నన్ను ఏరుకున్నది ఎవరనుకున్నారు? అసిరయ్య బావమరిది, ఫిట్టరు గౌరినాయుడు. నేను ఏ మంచం కిందదాన్నో అతనికి తెలియదు. "ఒక్కపాలి ఘాటెక్కితే చాలు" అంటూ బావ అన్నం మానేస్తున్నాడట. అందుకని లారీ సీటు, స్టీరింగు తెచ్చి, ఎదురుగా టీవీ పెట్టి, తెర మీద రోడ్డు మలుపు తిరిగితే సీటూ ఒరిగే యంత్రం కడుతున్నాడు. ఒరిగించడానికి ఏ మోటారు పెట్టాలన్నదే అతని దిగులు. అద్దాలు తుడిచే వైపర్ మోటార్లు చురుకైనవి, కరెంటు తగిలితే చేతిలో చేపల్లా గింజుకున్నాయి. వాటిని పక్కకి నెట్టి నన్ను ఎత్తి చూశాడు. "అయ్యి మనిషి బరువుకి ఆగవు. ఇదయితే ఏనుగునైనా లేపుతాది" అన్నాడు. ఎంత బరువు ఎత్తుతానని చూశాడు గాని, ఎంతసేపటికి ఎత్తుతానని చూడలేదు. అల్లుణ్ణి ఎంచేటప్పుడూ మనుషులు ఆస్తి చూస్తారు, గుణం చూడరట. నన్ను సీటు కింద బిగించేశాడు.

కొత్త బండి చక్రం కింద నిమ్మకాయ పెట్టి తొక్కించాలి కదా! ఈ బండికి చక్రాల్లేవు. పైడమ్మ తమ్ముడి షెడ్డుకి వచ్చి, నా కడ్డీకి ఎదురుగా నిమ్మకాయ పెట్టింది. మీట నొక్కారు. కడ్డీ బయలుదేరింది. చూడవచ్చినవాళ్ళు చేతులు జోడించారు, నొప్పెట్టి దించేసుకున్నారు, ఒకడు వెళ్ళి టీ తాగి వచ్చాడు. అప్పటికి కాయ నలిగింది. ఆ కాయ నా గుణమంతా విప్పి చెప్పింది, ఒక్కరికీ అర్థం కాలేదు.

"ఎంత నిదానమో సూడక్కా! బావ నడుంకి ఇదే మంచిది" అని గౌరినాయుడు మురిసిపోయాడు.

తర్వాత ఆటోలో అసిరయ్యను తెచ్చారు. గడ్డం గీయించుకుని, ఖాకీ చొక్కా తొడుక్కుని వచ్చాడు. సీట్లో కూర్చోబెట్టి బెల్టు కట్టారు. స్టీరింగు మీద చేతులు పడగానే ముఖంలో కళ వచ్చింది. తెర మీద ఘాటు మొదలైంది. మొదటి మలుపులో లారీ ఎడమకి తిరిగింది, సీటు కదలలేదు. రెండో మలుపులో లారీ కుడికి తిరుగుతుంటే, నేను మొదటి మలుపుకి ఒరగసాగాను. ఆలస్యం అమృతం విషం అన్నారు. కళ్ళు ఒకవైపు, కడుపు ఇంకోవైపు లాగి, ఖాకీ చొక్కా నిండా కక్కుకున్నాడు. అలా తల వంచినప్పుడే నా కూత అతని చెవిన పడింది.

"పైడీ... ఇది ఆ మంచమేనే!"

"కాదండీ, కొత్తది. తమ్ముడు సేసినాడు."

గౌరినాయుడు గుడ్డ తీసుకుని స్టీరింగు తుడుస్తూ ఉండిపోయాడు.

ఆ సీటు మళ్ళీ ఎవరూ ఎక్కలేదు. కాని పనికొచ్చే వస్తువును పారేయడం గౌరినాయుడి ఇంటా వంటా లేదు. నన్ను విప్పి తీసుకెళ్ళి, ఇంట్లో బావ మంచానికే బిగించాడు. పైడమ్మకి ఎత్తి కూర్చోబెట్టే బాధ తప్పింది, తమ్ముణ్ణి రోజూ దీవిస్తుంది. ఘాటు మీద ఆలస్యమయ్యానే గాని, గంజి వేళకి నేనెన్నడూ ఆలస్యం కాలేదు. మీట నొక్కగానే అసిరయ్య రెండు చేతులతో చెవులు మూసుకుంటాడు. నా కూత ఆగినా చేతులు తీయడు. అందుకని గంజి పైడమ్మే తాగిస్తుంది.