లోకేశ్వరి గుడ్డి డ్రోన్

"ఇదేమి డ్రోనబ్బా, అరచేతిలో పట్టేంత! ఆటబొమ్మ కొనేదానికా తిరుపతిదాకా వచ్చింది?" అని అంగట్లోనే గొంతు లేపినాడు గంగాధరం.

ఆయప్ప ఏడుపు డ్రోన్ గురించి కాదు, ఊర్లో పరువు గురించి. కాణిపాకం పక్కన వాళ్ళ పల్లెకు, పొలాలకు మందు కొట్టే పెద్ద డ్రోన్ మహిళా సంఘం తరఫున వస్తా ఉండాది. దాన్ని తోలేదానికి ఏటికి ఒక్క ఆడమనిషినే ఎంచుతారంట. పోటీలో మిగిలింది ఇద్దరే. ఒకరు గంగాధరం పెండ్లాము లోకేశ్వరి, ఇంకొకరు మోహన్‌కృష్ణ పెండ్లాము భానుప్రియ. మోహన్‌కృష్ణ అప్పుడే పెండ్లానికి గద్దంత డ్రోన్ కొనిచ్చి ఊరంతా చాటుకున్నాడు. గంగాధరానికి అంతకన్నా పెద్దది కావాల.

లోకేశ్వరికి కావలసింది ఆ పని. పెండ్లయినప్పటినుంచీ మామిడితోపులో మొగుడు చూపించిన చెట్టు కింద మొగుడు చెప్పిన పనే చేసింది. ఒక్కటైనా తన చేత్తో తోలాలని ఆయమ్మకు పిచ్చి కోరిక.

అంగట్లో అమ్మే పిల్ల మహిత రెండు డ్రోన్లు బల్ల మీద పెట్టింది. "అక్కా, ఈ పెద్దదానికి కడుపు కింద కళ్ళుండాయి. నేలను చూసుకుంటా, చెయ్యి వదిలేసినా గాల్లో నిలబడతాది. చిన్నదానికి కళ్ళు లేవు. జారతానే ఉంటాది, నువ్వే పట్టుకోవాల. కానీ కొత్తగా నేర్చుకునేవాళ్ళకు ఇదే మేలు. గోడకు గుద్దుకున్నా రెక్కలు మార్చుకుంటే చాలు."

"పెద్దదాని కళ్ళు మూసేస్తే?"

"అదీ గుడ్డిదే గదక్కా!" అని నవ్వింది మహిత.

లోకేశ్వరి గమ్మున చిన్నదాన్ని సంచిలో వేసుకునింది. గంగాధరం ఇల్లు చేరేదాకా మూతి ముడుచుకునే కూర్చున్నాడు.

మామిడికాయల షెడ్డులో మొదలైంది రభస. ఆ బొమ్మ చెప్పిన మాట వింటే ఒట్టు! దూలానికి గుద్దుకునింది, గంపల్లో పడింది, ఒకనాడు గంగాధరం అన్నానికి కూర్చుంటే సంగటి ముద్ద మీద దిగింది. "నా పరువు తీసేదానికే దాపురించినావే!" అని ఆయప్ప తిట్టింది డ్రోన్‌నో పెండ్లాన్నో తెలీదు. లోకేశ్వరి సంగటి తుడిచి మళ్ళీ ఎగరేసింది. పోను పోను అది ఎటు జారేదీ ఆయమ్మ వేళ్ళకు ముందే తెలిసిపోయేది.

పరీక్ష నాడు వాన. అందుకని కల్యాణమండపం లోపలే పెట్టినారు. డ్రోన్ తోలేది నేర్పించే అమర్‌నాథ్ సారు కళ్ళున్న కొత్త డ్రోన్ తెచ్చినాడు. ముగ్గు మీద, తలెత్తున, కదలకుండా నిలబెట్టాలన్నాడు. లోకేశ్వరి వంగి దాని కడుపు కింద చూసింది. కళ్ళున్నదాన్ని ఎవురైనా నిలబెడతారు. ఇద్దరూ నిలబెడితే ఇంక గెలిచేది మోహన్‌కృష్ణ పలుకుబడే.

అంతలో సంఘం పెద్ద గంగులమ్మ పసుపూ కుంకం పళ్ళెంతో వచ్చింది. మన పక్క కొత్తది మోటరుబండైనా మిక్సీ అయినా పూజ లేకుండా తిప్పుతామా? "పెద్దమ్మా, మోకాళ్ళ నొప్పితో నువ్వేం వంగతావు, నేను పెడతాలే" అని పళ్ళెం అందుకునింది లోకేశ్వరి. అబ్బ, ఏమి భక్తి! నాలుగు రెక్కలకూ బొట్లు పెట్టింది. తిప్పి, కడుపు కింద తడి పసుపు మెత్తి, మీద కుంకం అద్దింది. ఒక్క కన్నునైనా వదిలిపెట్టలేదు మహాతల్లి.

ముందు భానుప్రియ ఎగరేసి, ఇంట్లో కళ్ళున్నదానితో అలవాటైనట్టే చేతులు వదిలేసింది. డ్రోన్ జరిగి జరిగి గంగులమ్మ కొప్పు మీదికి పోయింది. "ఓయమ్మా, చంపేస్తాదే!" అని ముసలామె మోకాళ్ళ నొప్పి మరిచి పరిగెత్తింది. సారు రిమోట్ లాక్కుని దించినాడు. తర్వాత లోకేశ్వరి. ఆయమ్మ చేతిలో అది ముగ్గు మీద మేకు కొట్టినట్టు నిలబడింది. గంగాధరం ఈలే వేసినాడు.

సారు డ్రోన్ తిప్పి చూసినాడు. "దీని కళ్ళకు పసుపు పూసిందెవురు?"

లోకేశ్వరి పసుపు చేతులు కొంగుకు తుడుచుకునింది. "నేనే సార్. పూజ గదా అని..."

ఆయన కళ్ళు తుడిచి, ఇద్దరినీ మళ్ళీ ఎగరేయమన్నాడు. ఈసారి ఇద్దరిదీ నిలబడింది. అంతా అయిపోయిందనుకునింది లోకేశ్వరి.

"పొలంలో దుమ్ము పడినా, మందు చిమ్మినా కళ్ళు ఇట్లే మూసుకుపోతాయి. అప్పుడు నిలబెట్టేవాళ్ళే నాకు కావాల. పెద్ద డ్రోన్ తోలేదానికి లోకేశ్వరమ్మ రావచ్చు" అని సారు ఆయమ్మకేసి గుడ్లురిమినాడు. "ఇంకోసారి నా డ్రోన్‌కు పూజ చేస్తే మాత్రం ఊరుకోను."

లోకేశ్వరికి సిగ్గేసింది, సంతోషమూ వేసింది. నిజం చెప్పాలంటే సంతోషమే ఎక్కువ.

మెట్ల కాడ భానుప్రియ అడ్డం నిలబడింది. "అక్కా, నువ్వు చేసింది తెలీనంత పిచ్చిదాన్ని కాదు."

లోకేశ్వరి తల వంచుకునింది.

"నీ గుడ్డిది నాకియ్యి. వచ్చే ఏడు మళ్ళీ పరీక్ష ఉంటాది. అప్పుడు పళ్ళెం నువ్వే పట్టుకో, కావలసినంత పసుపు పుయ్యి. నేను నిలబెడతా."

మొగుడి అరుపులకు బెదరని లోకేశ్వరికి ఆ మాటకు నిజంగా భయమేసింది. అయినా మరుసటి దినం డ్రోన్ తుడిచి, తానే తీసుకుపోయి ఇచ్చింది. ఎట్ల పట్టుకోవాలో కూడా చూపించింది.