నాలుగు ముద్దల కాపురం

జహ్రా ఊళ్లో మగవాళ్లు చేరి కబుర్లాడుకునే దివానియాల్లో షలాష్‌దంత పెద్దది ఇంకోటి లేదు, షలాష్ నోరు అంత పెద్దదీ ఇంకోటి లేదు. మంగళవారం సాయంత్రం ఆ దివానియాలో పాతికమంది మగవాళ్లు గోడవార దిళ్లకి ఆనుకుని కాఫీ తాగుతుండగా ఆ నోరు జారింది.

"వచ్చే శుక్రవారం మధ్యాహ్నం నా పళ్ళెం దగ్గర కూర్చుని కడుపు నిండా తినకుండా లేచావంటే, బావా, నా పెళ్ళాం తలాక్."

ఆ బావ పేరు నహార్. ఆ పెళ్ళాం పేరు మునీఫా, నహార్‌కి స్వయానా చెల్లెలు.

ఇలాంటి ఒట్లు అక్కడ కొత్త కాదు. కాఫీ తాగకపోతే తలాక్, భోజనానికి ఆగకపోతే తలాక్, నీ కారుకి పెట్రోలు నన్ను పోయించనివ్వకపోతే తలాక్. ఎదుటివాడు నవ్వి నాలుగు ముద్దలు తింటాడు, కాపురం నిలబడుతుంది. ఒట్టు పెట్టినవాడు మీసం దువ్వుకుంటాడు. ఇన్నేళ్లుగా ఈ ఏర్పాటు సాఫీగా సాగడానికి కారణం ఒక్కటే, ఎదుటివాడికి కడుపు ఉంటుంది.

నహార్‌కి లేదు. అంటే, ఉంది గానీ అరటిపండంత ఉంది. ఏడు వారాల కింద డాక్టరు మిగతాదంతా కోసి తీసేశాడు.

ఈ సంగతి నహార్ భార్య తర్ఫాకి తప్ప ఎవరికీ తెలియదు. "పది రోజులు ఎడారిలో గుడారం వేసుకుని ఉంటాను" అని ఊరందరికీ చెప్పి, నహార్ నగరంలో ఆసుపత్రి మంచం ఎక్కాడు. నూట నలభై ఎనిమిది కిలోల మనిషి నూట ఇరవై ఏడుకి దిగాడు. మే నెల ఎండలో ఉన్ని శాలువా కప్పుకుని తిరుగుతున్నాడు, ఒంట్లో కొవ్వు తగ్గితే చలి వేస్తుందట. నీళ్లు కూడా నమిలి తాగమన్నారు కనక ఒక గ్లాసు ఖాళీ అయ్యేసరికి ఓ పూట గడిచేది. అన్నిటికంటే పెద్ద తంటా ఎక్కిళ్లు. కడుపు నిండగానే ఎక్కిళ్లు మొదలవుతాయి. రెండొస్తే ఆపాలి. మూడోదాని తర్వాత కూడా తింటే లోపలికి పోయినవన్నీ వచ్చిన దారినే తిరిగొస్తాయి.

దాచి ఊరుకుంటే బాగుండేది. ఊరుకోకపోవడమే నహార్ చేసిన తప్పు. ఎలా తగ్గావని అడిగినవాడికల్లా బార్లీ రొట్టె, నడక, మనోబలం అని చెప్పాడు. మనోబలం గురించి మరీ ఎక్కువ చెప్పాడు. పెదనాన్న కొడుకు ఆయిద్ భుజం మీద చెయ్యేసి, అందరూ వింటుండగా, "నోరు కట్టుకోవడం రావాలి తమ్ముడూ, అదీ మగతనం" అన్నాడు. పాపం ఆయిద్ ఆ రోజు నుంచీ బార్లీ రొట్టె తింటూ స్టేడియం చుట్టూ తిరుగుతున్నాడు.

మరి విందులకి పిలిస్తే? ఒకసారి పన్ను నొప్పి, ఒకసారి ఉపవాసం, మిగతాసార్లు ఎవరో పోయారు. ఏడు వారాల్లో ముగ్గుర్ని చంపేశాడు. తన ఇంటి తిండంటే భార్య అన్నకి చులకనైపోయిందని షలాష్ మనసులో పెట్టుకున్నాడు. అదే ఆ ఒట్టు రూపంలో బయటపడింది.

బుధవారం పొద్దున్నే మునీఫా ఫోను చేసింది.

"అన్నయ్యా, మీ బావ మళ్లీ నన్ను పళ్ళెంలో పెట్టాట్ట."

"విన్నానమ్మా. నేనక్కడే ఉన్నాను."

"ఉండీ ఏం చేశావు?"

"శాలువా సర్దుకున్నాను."

"ముప్పై ఒక్క ఏళ్ల కాపురం. ఆయన బుద్ధి నాకు కొత్త కాదు, ఆ సంగతి తర్వాత చూసుకుంటాను. నువ్వు మాత్రం శుక్రవారం వచ్చి తిను. నీకు తినడం ఒకరు నేర్పాలా? చిన్నప్పుడు నా వాటా కూడా లాక్కుని తినేవాడివి కదా. ఏమైనా ఇబ్బంది ఉందా? ఉంటే ఇప్పుడే చెప్పు."

నహార్ నోరు తెరిచాడు. చెల్లెలికి చెప్పడమంటే జహ్రా మొత్తానికి చెప్పడమే. మనోబలం గుర్తొచ్చింది, ఆయిద్ గుర్తొచ్చాడు. "ఇబ్బందేముంది" అన్నాడు.

ఫోను పెట్టేశాక తర్ఫా వైపు చూడలేకపోయాడు. తర్ఫా మాత్రం బాగానే చూసింది.

"చెప్పెయ్యొచ్చుగా? ఆపరేషన్ చేయించుకున్నారు, దొంగతనం చేయలేదు."

"తల ఎత్తుకోలేను తర్ఫా."

"మీ తల ఎత్తడానికి మీ చెల్లెలి కొంప కూల్చాలా?"

నహార్‌కి ఒక ఉపాయం తట్టింది. పళ్ళెం దగ్గర ముఖ్య అతిథి మాంసం విడదీసి చుట్టూ ఉన్నవాళ్ల ముందు పెట్టడం మర్యాద. చేతులు ఆగకుండా ఆడుతుంటే నోరు ఆడుతోందో లేదో ఎవరు చూస్తారని అతని లెక్క. గురువారమంతా వంటింట్లో ఉడికించిన కోడి ముందు కూర్చుని సాధన చేశాడు. ముక్క తుంచడం, పక్కవాడికి పెట్టడం, ఖాళీ వేళ్లు నోటిదాకా తీసుకెళ్లి గడ్డం తుడుచుకోవడం. తర్ఫా ఎదురుగా కూర్చుని చూసింది. "గడ్డం చాలా శుభ్రంగా ఉంది. అన్నం తిన్నట్టు మాత్రం లేదు" అంది.

శుక్రవారం నమాజు అయ్యాక పళ్ళేలు వచ్చాయి. ఒక్కో పళ్ళేన్ని నలుగురు మోశారు. మచ్‌బూస్ అన్నం గుట్ట మీద పొట్టేలుకి పొట్టేలే పడుకుని ఉంది. దాని తలని సరిగ్గా నహార్ ముందుకి తిప్పి పెట్టారు. అది కూడా నువ్వేం చేస్తావో చూస్తానన్నట్టే చూసింది. నహార్‌కి ఒక పక్క ఆయిద్, ఇంకో పక్క ముసైఫిర్ తాత. తాతకి ఎనభై రెండేళ్లు, వంశంలో తగువులన్నీ ఆయనే తీరుస్తాడు. ఆతిథ్యం ఇచ్చేవాడు అతిథులతో కలిసి తినకూడదు కనక షలాష్ చేతులు కట్టుకుని సరిగ్గా నహార్ ఎదురుగా నిలబడ్డాడు. గురువారం సాధనలో నహార్ మర్చిపోయింది ఇదే.

"బిస్మిల్లా" అని చెయ్యి పెట్టాడు నహార్. తొడ ముక్క తుంచి తాతకి పెట్టాడు. ఇంకో ముక్క ఆయిద్‌కి. మూడోది ఎదుటివాడికి. గడ్డం తుడుచుకున్నాడు.

"అందరికీ పెడుతున్నావు బావా, చాలా సంతోషం. నీ నోట్లోకి ఏదీ?" అన్నాడు షలాష్.

నహార్ ఒక ముద్ద తిన్నాడు. ముప్పైసార్లు నమిలాడు. రెండో ముద్ద. ఆ అన్నం మునీఫా చేతి వంట. ఎండు నిమ్మకాయ, వేయించిన ఉల్లిపాయ, కిస్‌మిస్ వాసన తగలగానే నహార్‌కి నిజంగా ఏడుపొచ్చినంత పనైంది. ఈ పళ్ళేన్ని ఒకప్పుడు తానొక్కడే సగం ఖాళీ చేసేవాడు. మూడో ముద్ద. నాలుగో ముద్ద మింగీ మింగకుండానే ఎక్కిలి వచ్చింది.

"నీళ్లు తాగు" అన్నాడు ఆయిద్.

తాగకూడదు. తాగితే ఆ నాలుగు ముద్దలూ పైకి తేలతాయి. రెండో ఎక్కిలి వచ్చింది. షలాష్ వంగి, పొట్టేలు తోక దగ్గరి కొవ్వు ముక్క, గుప్పెడంత, స్వయంగా తీసి బావ నోటి ముందు పెట్టాడు.

"ఇది నా చేత్తో. తినకపోతే సంగతి తెలుసుగా."

పళ్ళేల మీద చేతులన్నీ ఆగిపోయాయి. లోపలి తలుపు అవతల ఆడవాళ్ల గాజుల చప్పుడు కూడా ఆగిపోయింది. నహార్ ఆ కొవ్వు వైపు చూశాడు. తింటే పాతికమంది ముందు పళ్ళెంలోనే కక్కుకుంటాడు. తినకుండా లేస్తే చెల్లెలు వీధిన పడుతుంది. మూడో ఎక్కిలి కూడా వచ్చేసింది.

"నాకు కడుపు నిండింది" అన్నాడు.

"నాలుగు ముద్దలకా? చెవిలో పువ్వు పెడుతున్నావా బావా? పోయినేడాది ఇక్కడే కూర్చుని..."

"పోయినేడాది కడుపు వేరు. దాన్ని కోసి పారేశారు. బార్లీ లేదు, నడక లేదు, మనోబలమూ లేదు. ఆపరేషన్ చేయించుకున్నాను. అందరికీ అబద్ధం చెప్పాను." మాట పూర్తయ్యేసరికి నహార్ చెవులు ఎర్రబడ్డాయి. సిగ్గుతో చచ్చిపోయాడు. అయితే చచ్చిపోయినవాడికి అంత తేలిగ్గా ఎందుకుందో అతనికే అర్థం కాలేదు.

ముందుగా తేరుకున్నవాడు ఆయిద్. "నాలుగు వారాలు" అన్నాడు మెల్లగా. "నాలుగు వారాలు రొట్టె పేరుతో అట్టముక్కలు తిన్నాను అన్నా. నాలుగు కిలోలు పెరిగాను. నాలో మగతనం తక్కువేమోనని రాత్రిళ్లు నిద్ర పట్టలేదు."

"తప్పయింది తమ్ముడూ."

"తప్పు సంగతి అలా ఉంచు. డాక్టరు నంబరు ఇవ్వు."

ముసైఫిర్ తాత చెయ్యెత్తి అందర్నీ ఆపాడు. "మాటలు కాదు, రుజువు కావాలి. ఒరే నహారూ, పొట్ట చూపించు."

నహార్ లేవకుండానే, శాలువా తీసి, పొడుగు అంగీ పైకి లాగాడు. తాత కళ్లద్దాలు పెట్టుకుని ముక్కు ఆనేంత దగ్గరగా వంగాడు. "చుక్కల్లాంటి ఐదు మచ్చలే ఉన్నాయి. దీంట్లోంచి అంత కడుపు ఎలా తీశార్రా?" అని వేలితో ఒక్కోటీ నొక్కి లెక్కపెట్టాడు. చక్కిలిగింతకి నహార్‌కి నాలుగో ఎక్కిలి వచ్చింది.

తాత కళ్లద్దాలు తీసి తీర్పు చెప్పాడు. "షలాష్ ఏమన్నాడు? కడుపు నిండా తినకుండా లేస్తే అన్నాడు. పళ్ళెం నిండా అనలేదు, పోయినేడాది కడుపు నిండా అనలేదు. ఉన్న కడుపు నిండింది. ఎక్కిళ్లే సాక్ష్యం. ఒట్టు తీరింది, మునీఫా కాపురానికి ఢోకా లేదు." షలాష్ పెద్ద ఊపిరి వదిలి, చేతిలోని కొవ్వు ముక్క ఏం చేయాలో తెలియక ఆయిద్ నోట్లో పెట్టేశాడు.

నహార్ ఆనందం పట్టలేక లేవబోయాడు. తాత అతని మోకాలు గట్టిగా పట్టుకున్నాడు.

"ముఖ్య అతిథివి నువ్వు లేస్తే మేమంతా లేవాల్రా. మేమింకా మొదలే పెట్టలేదు. మూసుక్కూర్చో."

నహార్ ముప్పావుగంట కూర్చున్నాడు. అందరూ తింటుంటే మాంసం తుంచి పెడుతూ, ఆసుపత్రి కబుర్లన్నీ అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పాడు. చాలా రోజుల తర్వాత మనుషుల మధ్య హాయిగా అనిపించింది. ఇంటికి వెళ్లేటప్పుడు దారంతా ఈల వేసుకుంటూ వెళ్లాడు.

ఇంటి ముందు నాలుగు సూట్‌కేసులు ఉన్నాయి. వాటి మీద మునీఫా కూర్చుని ఉంది.

"ఒట్టు తీరిందిగా అమ్మా. తాత తీర్పు చెప్పాడుగా."

"విన్నాను. తలుపు వెనకే ఉన్నాను. అందరూ నీ కడుపు నిండిందా అని చూశారు, లెక్కపెట్టారు, నొక్కారు. నేనుంటానా పోతానా అని ఒక్కరైనా నన్ను అడిగారా?" సూట్‌కేసు అన్న చేతికిచ్చింది. "ఆయన సరే, ఎప్పుడూ అంతే. నువ్వు? ఇబ్బంది ఉందా అని నోరు విప్పి అడిగితే లేదన్నావు. నీ పరువు బరువు తూచుకుంటూ రెండు రోజులు గడిపావు. పద, పెద్ద గది నాది."

నహార్ నాలుగు సూట్‌కేసులూ మోశాడు. బరువులు ఎత్తొద్దని డాక్టరు చెప్పిన మాట గుర్తుంది గానీ, చెప్పే ధైర్యం లేకపోయింది.

మూడో రోజు సాయంత్రం షలాష్ వచ్చాడు. కొత్త బట్టలు, మొహం మాత్రం పాతబడిపోయింది. మూడు రోజులుగా హోటల్ కూడు తింటున్నాడు. నహార్ పోసిన కాఫీ తాగకుండా కప్పు కింద పెట్టాడు. కోరిక తీరుస్తామని మాటిచ్చేదాకా తాగనని దానర్థం.

"మా ఆవిడని పంపించు బావా."

"పంపడానికి నేనెవర్ని? కనుక్కుని వస్తాను."

లోపలికి వెళ్లాడు, వచ్చాడు. "ఇంకెప్పుడూ తన మీద ఒట్టు పెట్టనని చెప్పమంటోంది."

"పెట్టను. ఒట్టు" అని నాలిక్కరుచుకున్నాడు షలాష్. "అలవాటు బావా. దివానియాలో కూర్చున్నాక ఏదో ఒకదాని మీద పెట్టకపోతే మాటకి బరువుండదు."

నహార్ మళ్లీ లోపలికి వెళ్లాడు, మళ్లీ వచ్చాడు. "మానలేకపోతే మానొద్దంది. తన బదులు రీమ్ మీద పెట్టుకోమంది. తినకుండా లేస్తే రీమ్ నీదే, తోలుకుపో అనాలట. అంతకంటే ఏమీ అక్కర్లేదు, ఇప్పుడే వచ్చేస్తానంటోంది."

రీమ్ షలాష్ పోయిన చలికాలం కొన్న తెల్ల ఒంటె. షలాష్ మెడ గోక్కున్నాడు. కాఫీ కప్పు వైపు చూశాడు, తలుపు వైపు చూశాడు. సరే అనే రెండక్షరాల కోసం నహార్ ఎదురుచూశాడు. మనసులో దేవుడికి కూడా మొక్కుకున్నాడు.

"రీమ్ మీదా?" అన్నాడు షలాష్ చివరికి. "అది... నోరులేని జీవం కదా బావా."

తలుపు అవతలి నుంచి మునీఫా గొంతు వినిపించింది. కోపంగా కూడా లేదు.

"అన్నయ్యా, ఆ కాఫీ చల్లారిపోయి ఉంటుంది. తీసేసి ఆయన్ని సాగనంపు."