స్టీరింగ్ మీది బొట్లు

లావుగా ఉంటేనే పట్టు దొరుకుతుంది, చేతికి నిండుగా ఉంటుంది, అయితే ఎవరి చేతికి, అదే కదా తేలనిది, అనుకుంటూ శ్రీరామ్ బల్ల మీద పెట్టిన మూడు స్టీరింగ్‌లలో నల్లటి లావుదాన్ని మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు, లేత్ పక్కన స్టూలు మీద కూర్చుని షెడ్డు యజమాని నటేశన్ చూసీ చూడనట్టు టీ తాగుతున్నాడు, ఆదివారం కాబట్టి తట్టాంచావడి ఇండస్ట్రియల్ ఎస్టేటంతా నిశ్శబ్దంగా ఉంది, ఎక్కడో ఒక్క ప్రెస్సు మాత్రం ధడేల్ ధడేల్ మంటోంది, ఎదురుగా కారు, తన కారు, అట్టపెట్టెల్లో విడిభాగాలుగా వచ్చి, పైపుల చట్రం బిగించుకుని, పైన ఫైబర్ తొడుగు తొడుక్కుని, రెండే సీట్లతో, తలుపులన్నవే లేకుండా, ఇద్దరు మనుషులు పట్టుకుంటే వెనక భాగం లేచొచ్చేంత తేలిగ్గా తయారైన కారు, పెద్ద మార్కెట్ వెనక తాతల నాటి పెయింట్ల కొట్లో వారమంతా డబ్బాల మధ్య కూర్చునే మనిషి తన ఆదివారాలన్నీ ధారపోసి పెంచిన కారు, అన్నీ కుదిరాయి, పోయిన నెల రిజిస్ట్రేషన్ కాగితాలు కూడా వచ్చాయి, కుదరనిది ఈ స్టీరింగ్ ఒక్కటే, ఒక పాత కారులోంచి పీకి తగిలించింది, మరీ పెద్దది, కూర్చుంటే తొడలకు ఆనుతుంది, తిప్పితే మోకాళ్ళకు తగులుతుంది, అందుకే, మంచి స్టీరింగ్ రానీ, అప్పుడు సముద్రం రోడ్డెక్కిద్దాం అని అందరికీ చెబుతూ వచ్చాడు, అంతవరకూ కారును ఎస్టేట్ గేటు దాటించలేదు, అంటే తను దాటించలేదు, మరెవరో దాటించారు.

ఎవరో ఏముంది, కారు కట్టటంలో తోడుగా ఉన్న నవనీత్, ఇంకెవడు, ఆ పాత స్టీరింగ్ వెనక రింగు లాగితే ఊడి చేతికొచ్చేస్తుంది, ఊడదీస్తే గానీ శ్రీరామ్ సీట్లోకి దిగలేడు, అలా ఊడదీసిందాన్ని షెడ్డులో వదలకుండా గుడ్డసంచిలో వేసుకుని ఇంటికి తీసుకుపోవటం అతని అలవాటు, స్టీరింగ్ లేనిదే కారు ఎవడు తీస్తాడని ధీమా, ఇంట్లో అమ్మ విశాలాక్షి దాన్ని చూసి, వాకిట్లో బండి లేకపోతే ఏందిరా, బండికి ఇదే తలకాయ కదా, అని దేవుడి మూలలో పీట మీద పెట్టించింది, ప్రతి శుక్రవారం పసుపు రాసి మూడు బొట్లు పెడుతుంది, పైన ఒకటి, ఎడమ పక్క ఒకటి, కుడి పక్క ఒకటి, శుక్రవారం పెట్టిన బొట్టు మళ్ళీ శుక్రవారం దాకా తుడవకూడదు, కొత్తది పెట్టకూడదు, అది ఆమె నియమం, నిన్న శనివారం సాయంత్రం కొట్టు కట్టేసి వచ్చి కాళ్ళు కడుక్కుని దేవుడి ముందు నిలబడితే పైబొట్టు చెక్కుచెదరకుండా ఉంది, పక్కనున్న రెండూ అరిగిపోయి ఉన్నాయి, ఎవరి అరచేతులో తీసుకుపోయినట్టు, తనది ఒంటిచేతి వాటం, పైన పట్టుకుంటాడు, ఏందన్నా లారీ తోలినట్టు, అని నవనీత్ ఎన్నిసార్లు నవ్వలేదు, నవనీత్ మాత్రం గడియారంలో తొమ్మిదీ మూడూ ఉండే చోట రెండు చేతులూ వేసి, బొటనవేళ్ళు లోపలికి కొక్కెంలా తగిలించి పట్టుకుంటాడు, చెన్నై దగ్గర రేసు ట్రాకులో శిక్షణ తీసుకుని వచ్చినప్పటి నుంచి వాడికి అదొక గొప్ప, సరిగ్గా ఆ రెండు చోట్లే కుంకుమ పోయింది, అయినా ఇంట్లో దేవుడి మూల నుంచి స్టీరింగ్ తీసి వాడికి ఇచ్చిందెవరు, ఆలోచన అక్కడికి రాగానే శ్రీరామ్‌కి ఒళ్ళు మండింది.

పొద్దున అందరికన్నా ముందు షెడ్డుకు వచ్చి దొంగలా కారంతా వెతికాడు, నేల మీద ఇసుక, తెల్లటి సముద్రపు ఇసుక, ఎడమ సీటు మూలలో రెండు కనకాంబరాలు, వాడిపోయి నారింజ రంగు ఇంకా పోనివి, ఎడమ సీటు అంటే పక్క సీటు, పక్కన కూర్చున్న మనిషి తలలోంచి రాలినవి, కౌముదికి కనకాంబరాలంటే ప్రాణం, అమ్మ మూరెడు కొంటే అత్తాకోడళ్ళు చెరిసగం తుంచుకుని పెట్టుకుంటారు, ఇంక అడగాల్సిందేముంది, తన పెళ్ళాం, తన కారు, వాడి పక్కన, గాలికి జుట్టు ఎగురుతూ, వాడేదో అంటే నవ్వుతూ, ఆ నవ్వు ఎలా ఉంటుందో కూడా కనిపిస్తోంది, పెళ్ళైన కొత్తలో బీచి రోడ్డు మీద తనతో నడుస్తూ అలాగే నవ్వేది, ఈ మధ్య తనని చూసి నవ్విందెప్పుడు, వదినా అని పిలుస్తాడు వాడు, ఆ వదినాలో ఎంత చనువు, భోజనానికి వస్తే రసం ఇంకొంచెం పొయ్యి వదినా అని వంటింట్లోకే పోతాడు, అన్నా అన్నా అంటూ తన వెనకే తిరిగినవాడు, ఈ కారు వైరింగంతా చేసిపెట్టినవాడు, పక్కలో పాము, ఛీ, ఏం మాటలివి, కానీ నిన్న ఫోన్లో వాడే కదా అన్నది, సన్నది తీసుకో అన్నా, తేలిక బండికి సన్న పట్టే బాగుంటాది, చిన్న చేతులకి కూడా సరిపోతాది, అని, చిన్న చేతులెవరివిరా, నావి చేటలంత ఉంటే, నోటిదాకా వచ్చిన మాటను మింగి, రేపు షెడ్డుకు రా, మీ వదినను కూడా రమ్మంటా, అందరం చూసి ఎంచుదాం అన్నాడు, ఎంచటానికి కాదు, ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టి మొహాలు చూడటానికి.

వచ్చారు, విడివిడిగానే వచ్చారు, అది కూడా నాటకమేమో, నవనీత్ బైకు మీద, కౌముది స్కూటర్ మీద, ఆమె హెల్మెట్ తీసి, ఏందండీ పొద్దున్నే తిండి కూడా తినకుండా వచ్చేసినారు, అత్తమ్మ ఇడ్లీ ఇచ్చి పంపింది అని డబ్బా బల్ల మీద పెట్టింది, నవనీత్ అప్పుడే అందులో చెయ్యి పెట్టాడు, చూడు ఎంత హక్కో, ఇద్దరి కళ్ళూ కలుస్తాయేమోనని శ్రీరామ్ కనురెప్ప వాల్చలేదు, కలవలేదు, కలవకపోవటం ఇంకా అనుమానంగా ఉంది, స్టీరింగ్‌లు మూడు, చెక్క పట్టీది అందంగా ఉంది కానీ మళ్ళీ పెద్దదే, దాన్ని పక్కన పెట్టాడు, మిగిలింది లావుపాటి నల్లదీ, సన్నటి తోలు కుట్టిన గోధుమరంగుదీ, కౌముదీ, నువ్వు ఎక్కు, పట్టుకుని చెప్పు, ఏది బాగుందో, అని సన్నదాన్ని స్టీరింగ్ కడ్డీకి తగిలించబోయాడు, ఆమె, ఆగండి, నేను కూచున్నాక పెట్టండి, అని అంచు మీద చెయ్యి ఆనించి, చీర కుచ్చిళ్ళు ఒక్క ఊపులో సర్దుకుని, కాళ్ళు ముందుకు చాచి సీట్లోకి జారింది, తను ఆ సీట్లోకి దిగాలంటే మూడుసార్లు ఆగి ఊపిరి తీసుకోవాలి, ఆమె ఎంత సులువుగా దిగింది, అతని చేతిలోంచి స్టీరింగ్ అందుకుని, రింగు వెనక్కి లాగి, గాడి చూసుకుని, టక్కుమని తనే బిగించేసింది, ఆ తర్వాత చేతులు వేసింది, తొమ్మిది దగ్గర ఒకటి, మూడు దగ్గర ఒకటి, బొటనవేళ్ళు కొక్కెంలా లోపలికి, చూడకుండా, ఆలోచించకుండా, ఇంట్లో చీకట్లో స్విచ్చి మీద చెయ్యి వేసినట్టు.

ప్రెస్సు చప్పుడు ఆగిపోయిందా లేక తనకే వినపడటం లేదా, శ్రీరామ్ ఆ చేతులనే చూస్తున్నాడు, నువ్వా, అన్నాడు, కౌముది తలెత్తింది, దాచలేదు, అవునండీ, నేనే తోల్తా ఉండా, నవనీత్‌ని నేర్పించమని నేనే అడిగినా, ఈ ఎస్టేట్లోనే నేర్చుకున్నా, మరి పక్క సీట్లో, అని అతను అడిగాడు, పక్కన ఇంకెవరుంటారు, అత్తమ్మ, సముద్రం ఒడ్డున పిళ్ళైచావడి దాకా పోయి, కాసేపు ఇసకలో నడిచి వచ్చేస్తాం, ఆమెకి గాలి రొంబ ఇష్టం, స్టీరింగ్ పీట మీద నుంచి తీసి సంచిలో పెట్టేదే ఆమె, మరి నాకెందుకు చెప్పలే, అంటే ఆమె నవ్వింది, ఇన్నాళ్ళూ తను వెతుక్కున్న ఆ నవ్వే, చెప్తే మీరు స్టీరింగ్ కొట్టుకి ఎత్తుకోని పోరా, అంది, ఏందన్నా అట్ట చూస్తావు, వదిన నాకన్నా బాగా తోల్తాది, అని నవనీత్ ఇడ్లీ నములుతూ అన్నాడు, వాడి మొహంలో ఏ మరకా లేదు, నటేశన్ కూడా తల ఊపాడు, అంటే అందరికీ తెలుసు, అమ్మకు తెలుసు, షెడ్డుకు తెలుసు, సముద్రానికి తెలుసు, తనొక్కడికి తప్ప, గుండె మీద బరువు దిగిపోవాలి కదా, దిగలేదు, పక్కకు జరిగి ఇంకా లోతుగా గుచ్చుకుంది, వాడే తీసుకుపోయి ఉంటే బాగుండేదని ఒక్క క్షణం నిజంగానే అనిపించింది, అప్పుడు కోపగించుకోవటానికి ఒక మనిషి ఉండేవాడు, ఇప్పుడెవరి మీద.

లావుది పెట్టి చూడు, అన్నాడు, కౌముది సన్నదాన్ని ఊడదీసి నల్లదాన్ని బిగించింది, ఆమె వేళ్ళు దాని చుట్టూ పోయి బొటనవేలిని అందుకోలేకపోయాయి, కుడివైపు తిప్పితే అరచెయ్యి జారింది, ఇదే తీసుకుందాం, నాకు బాగుంది, అన్నాడు శ్రీరామ్, ఆ మాట అంటున్నప్పుడు లోపల ఎక్కడో చల్లగా ఉంది, ఎండాకాలం కొట్లో సిమెంటు నేల మీద కాళ్ళు పెట్టినట్టు, నవనీత్ నమలటం ఆపాడు, సరి అన్నా, నీ బండి, అన్నాడు, కౌముది చేతులు తీసి ఒళ్ళో పెట్టుకుంది, ఆ రెండు అరచేతులూ పైకి తిరిగి ఉన్నాయి, నిన్నటి కుంకుమ కడిగినా పూర్తిగా పోనట్టు గీతల్లో ఎర్రగా ఉంది, అయ్యో ఏం చేస్తున్నాను, ఆ చల్లదనం సిగ్గుగా మారి ముఖంలోకి ఎక్కింది, వాడి మీద పడిన అసూయ అనుమానమైనా అనిపించుకుంటుంది, ఈ అసూయకు పేరేంటి, కట్టింది నేను, తోలింది తను, అదేగా మంట, స్టీరింగ్ బాగాలేదని ఇన్నాళ్ళూ నేను గేటు దగ్గర ఆగిపోయింది భయంతో, ఆమె అదే పాత స్టీరింగ్‌తో, అదే బరువుతో, అత్తను ఎక్కించుకుని మరీ వెళ్ళొచ్చింది, తీసెయ్యి, అన్నాడు, సన్నదే పెట్టు, కౌముది అతని ముఖంలోకి చూసింది, మీ తొడలకి తగల్దు కానీ చేతులకి చిన్నదవుతుందేమో, అంది, నాకు నువ్వు నేర్పిద్దువులే, అన్నాడు, కారు చుట్టూ తిరిగి ఎడమవైపు వెళ్ళి, మూడుసార్లు ఆగి ఊపిరి తీసుకుని, పక్క సీట్లోకి దిగాడు, కాళ్ళు చాచాడు, ఏదీ అడ్డం తగల్లేదు, నడుం కింద వాడిన కనకాంబరాలు నలిగాయి, అమ్మవి, పక్కన టక్కుమని శబ్దం, నిన్నటి నుంచీ మనసులో ఆమెను వెయ్యిసార్లు కూర్చోబెట్టింది ఈ సీట్లోనే, ఒక్కసారి కూడా ఆ కుడి సీట్లో కూర్చోబెట్టలేదు, ఎవరు తీసుకుపోయారు, ఎవరు తీసుకుపోయారు అని కుమిలిపోయాడే గానీ, ఆమెను ఎవరూ ఎక్కడికీ తీసుకుపోలేదు, ఆమే వెళ్ళింది.