ఆంటన్ పెట్టిన పెళ్లిచూపులు

నాకు కుక్కలంటే భయం. ముందే చెప్పేస్తే మీకూ నాకూ సుఖం. పెద్ద కుక్క, చిన్న కుక్క, కట్టేసిన కుక్క, క్యాలెండర్ మీద కుక్క అని నేను తేడాలు చూడను. అలాగని నా భయం కుక్కలతో ఆగేదీ కాదు. మా పాప వర్షిత తుమ్మితే జలుబు చేసిందని భయం. తుమ్మకపోతే తుమ్ము లోపలే ఆగిపోయిందేమోనని భయం. మా ఆయన రవికిరణ్ నన్ను చూసి, నువ్వు ఊపిరి పీల్చుకోవడానికి కూడా ముందు అటూ ఇటూ చూసుకుంటావు హేమా అంటారు.

కానీ ఆ ఏడు చలికాలం నా భయం ఉత్త భయం కాదు. మౌంట్ రాస్కిల్‌లో మేమున్న అద్దె ఇంట్లో గోడలు చెమర్చేవి. మూలలన్నీ నల్లగా బూజు. ఆయన బ్లీచ్ వేసి తోమితే మర్యాదకి కొన్నాళ్లు పోయి, చుట్టాల్లాగా మళ్లీ వచ్చేది. రెండేళ్ల పిల్ల, పడుకుంటే చాలు గుండెల్లో పిల్లికూతలు. వీలైతే పొడి ఇంటికి మారండి అన్నారు డాక్టరు గారు. ఆయనకేం, అనేశారు. ఆక్లాండ్‌లో ఇల్లు చూపిస్తామంటే వీధి చివరిదాకా లైను. మా ఊళ్లో రేషన్ కిరోసిన్‌కి కూడా అంత జనం ఉండేవారు కాదు. మా వంతు వచ్చేసరికి ఏ పిల్లలూ లేని, రెండు జీతాలున్న దంపతులెవరో తన్నుకుపోయేవారు.

అప్పుడు చెప్పింది సుశీలమ్మ ఆంటీ. శాండ్రింగ్‌హామ్‌లో తన సరుకుల కొట్లో నాకు కందిపప్పు తూచి ఇస్తూ చెప్పింది. మాకు రెండు వీధుల అవతల గుడ్రున్ అని ఒక జర్మనీ ముసలావిడ ఉందిట. ఆవిడ ఇంటి వెనక చిన్న ఇల్లు ఖాళీగా ఉందిట. పొద్దస్తమానం ఎండ పడుతుందిట. ఏజెంట్లూ గీజెంట్లూ లేరు. ఒకటే షరతు. ఆవిడ కుక్క ఒప్పుకోవాలి.

"కుక్క ఒప్పుకోవడమేంటి ఆంటీ?"

"పెళ్లిచూపులమ్మా. పెరట్లో కూర్చోపెడుతుంది. కుక్క చూస్తుంది. మొన్నో జంట సాసేజీలు పట్టుకెళ్లారు. మొత్తం తినేసి మొహం తిప్పేసుకుందిట."

మా ఆయన ఫోన్ చేసి రోజు ఖాయం చేసుకున్నారు. పనిలో పనిగా కుక్క జాతి అడిగి తెలుసుకున్నారు. క్రోమ్‌ఫోర్‌లాండర్. ఇక ఆ రోజు నుంచి ఆయనకి నిద్ర లేదు, నాకు ప్రశాంతత లేదు. ఈ దేశానికి చదువుకోవడానికి వచ్చి డిప్లొమాకి కూడా అంత చదవలేదుట ఆయన. గోడౌన్‌లో డ్యూటీ దిగి రాగానే కంప్యూటర్ ముందు కూర్చుని చదివేవారు, నేను దోసెలు పోస్తుంటే వెనక నుంచుని పాఠం చెప్పేవారు. పదో తరగతి సాంఘికంలో తప్పి చదువు మానేసినదాన్ని నేను. మళ్లీ రెండో ప్రపంచ యుద్ధం నా మెడకే చుట్టుకుంది.

యుద్ధం అయిపోయే రోజుల్లో అమెరికా సైనికులు ఫ్రాన్స్ నుంచి ఒక చింపిరి జుట్టు కుక్కని వెంటేసుకుని జర్మనీ వచ్చారుట. అది అక్కడ ఒకావిడ ఇంట్లో చేరిందిట. పక్కింట్లో టెర్రియర్ జాతి ఆడకుక్క ఉండేదిట.

"అర్థమైంది, తర్వాత చెప్పండి" అన్నాను, పిల్ల వింటోందని.

పుట్టిన పిల్లలన్నీ ఒక్క అచ్చులో పోసినట్టు, ముద్దుగా ఉన్నాయిట. ఆవిడ మురిసిపోయి, ఇంకా కొన్నిటిని పెంచి, పదేళ్లు తిరక్కుండా అదొక జాతి అని ముద్ర వేయించిందిట. అందుకే లోకం మొత్తం మీద అవి తక్కువ. ఒకే ఇంటి సంతానం కాబట్టి ఇప్పటికీ వాటికి సంబంధం చూడాలంటే వంశవృక్షం తీసి, దగ్గర చుట్టరికం లేకుండా చూసుకుని మరీ చేస్తారుట. మా వైపు మేనరికాల వాళ్లకంటే అవే నయం అనిపించింది.

రూపం పాఠం తేలిగ్గానే వచ్చింది. మోకాలి ఎత్తు, ఒళ్లు తెలుపు, గోధుమరంగు మచ్చలు, నుదుటి మీద తెల్ల చార. నున్నటి జుట్టువి కొన్ని, గడ్డం ఉన్నవి కొన్ని. గుణం దగ్గరే చిక్కొచ్చింది. వేట బుద్ధి తక్కువ. కొత్తవాళ్లని దగ్గరికి రానివ్వదు. ఇంట్లో ఎంతమంది ఉన్నా ఒక్కరినే తన మనిషి అనుకుంటుంది. మిగతావాళ్లందరూ దానికి అద్దెకున్నవాళ్లే.

"ఏకపత్నీవ్రతమన్నమాట" అన్నాను.

"పరీక్షలో అలా రాయకు" అన్నారాయన.

ఆ ఆదివారం వెళ్లాం. చీర కొంగు ఎగిరితే కుక్క బెదురుతుందని డ్రెస్ వేయించారు. సెంటు వద్దన్నారు, గాజులు తీసేయమన్నారు. మా అసలు పెళ్లిచూపులకి ఇందులో సగం జాగ్రత్త పడలేదు. ఆ రోజు ఆయన చూసింది నన్ను కాదు, పళ్లెంలో జంతికల్ని.

గుడ్రున్ ఆంటీ డెబ్భై దాటిన మనిషి. గడకర్రలా నిటారుగా, కత్తిరించిన జుట్టు, కాళ్లకి గమ్ బూట్లు. మాట పొదుపు. పెరడు వెనక ఆ చిన్న ఇంటి అద్దాల తలుపులోంచి లోపల నేల మీద ఎండ పరుచుకుని ఉంది. చలికాలం నడిమధ్యన అంత ఎండ. పిల్ల పరుపు ఎక్కడ వేయాలో నా కళ్లు అప్పుడే వేసేసుకున్నాయి.

"కూర్చోండి. వాడు చూస్తాడు" అంది ఆవిడ.

వాడు ఆంటన్. బెంచీ కింద ఉన్నాడు. తెల్లటి ఒళ్లు, రెండు చెవుల మీదా చెరో గోధుమరంగు మచ్చ, అచ్చం మా వీరేశం మావయ్యలా పిల్లి గడ్డం. మావయ్య లాగే ఎవరినీ లెక్కచేయని చూపు.

మా ఆయన ఉత్సాహంగా యుద్ధం దగ్గర మొదలుపెట్టారు. ఈ జాతి జీగెన్ అనే ఊరి దగ్గర పుట్టిందట కదండీ అన్నారు. నేనూ అక్కడే పుట్టాను అంది ఆవిడ. దాంతో ఆయన దగ్గర చరిత్ర అయిపోయింది. వెంటనే గొంతుక్కూర్చుని, చెయ్యి చాపి, పళ్లికిలించి, హలో ఆంటన్, హలో నాన్నా అంటూ బెంచీ చుట్టూ పాకారు. ఆయన ఇటొస్తే వాడు అటు. ఆఖరికి వాడు ఒక్కసారి మొరిగి, ఆయనకి పిర్రలు చూపించి కూర్చున్నాడు.

ఇదంతా నేను చూడలేదు, తర్వాత చెప్పారు. నేను నిమ్మచెట్టు పక్కన కంచె వైపు తిరిగి, పిల్లని చంకలో అదుముకుని, కళ్లు గట్టిగా మూసుకుని ఆంజనేయస్వామిని తలుచుకుంటున్నాను. కాసేపటికి నా పాదం మీద వెచ్చగా ఏదో వాలింది. ఒక కన్ను తెరిచి చూద్దును కదా, ఆంటన్. నా చెప్పు మీద గడ్డం ఆనించి పడుకుని, పైకి చూస్తూ, పై పళ్లూ కింది పళ్లూ మొత్తం బయటపెట్టాడు.

"ఏవండీ" అన్నాను పెదవులు కదపకుండా. "పళ్లు."

"కదలకు" అన్నారాయన, అక్కణ్నుంచి కదలకుండా.

గుడ్రున్ ఆంటీ లేచి నిలబడింది.

"కరవడానికి కాదు. నవ్వుతున్నాడు. మా ఆయన పోయాక ఇదే నవ్వడం."

ఆ పాఠం మా ఆయన నాకు చెప్పలేదు. పిల్లకి టీకా వేయించిన రోజున చదివారుట, మర్చిపోయారుట.

ఇల్లు మాదే అనుకున్నాం. మా ఆయన అప్పుడే సామాను ఎప్పుడు తెచ్చుకోవచ్చని అడగబోయారు. ఆవిడ తల అడ్డంగా ఊపింది. ఇల్లు ఇవ్వనంది. ఆంటన్ వాళ్లాయన కుక్కట. ఆయన పోయి ఏడాది దాటింది. వాడు ఇంకొకరిని ఎంచుకోవాలిగా, తననే ఎంచుకుంటాడని ఆవిడ వేచి చూస్తోందిట. ఎవరిని చూసి వాడు మొరగడో వాళ్లొస్తే చాలనుకుంది గానీ, ఇలా అవుతుందనుకోలేదుట.

"మీ ఆవిడ ఇక్కడుంటే వాడు ఆమె మనిషైపోతాడు. నాకేం మిగులుతుంది?" అని, వాణ్ని పిలిచింది. వాడు రాలేదు. మేము వెళ్తుంటే గేటుదాకా మాతోనే వచ్చాడు.

దారిలో మా ఆయన రెండుసార్లు వెనక్కి తిరిగి ఆ గేటు వైపు చూశారు. తర్వాత, కుక్కకి నచ్చకపోతే ఇల్లు రాదన్నారు, నచ్చితే కూడా రాకపోతే మనిషన్నవాడు ఎలా బతకాలి అన్నారు. ఆ రాత్రి పిల్ల గుండెల్లో పిల్లి కూస్తూనే ఉంది.

మర్నాడు ఆయన డ్యూటీకి వెళ్లాక, పిల్లని స్ట్రోలర్‌లో వేసుకుని నేనే బయల్దేరాను. ఈ దేశంలో ఒంటరిగా ఒకరి తలుపు తట్టడం నాకదే మొదలు. దారంతా ఇంగ్లీషు వాక్యాలు కూడబలుక్కుంటూ నడిచాను. తీరా తలుపు తీసి ఉంది. నడవాలో గుడ్రున్ ఆంటీ మోకాళ్ల మీద వంగి, అరచేతిలో వేయించిన లివర్ ముక్క పెట్టుకుని, ఆంటన్ మొహంలో మొహం పెట్టి, జర్మన్‌లో బతిమాలుతోంది. వాడు గోడకి అతుక్కుపోయి, పెద్దమనిషిలా ఎటో చూస్తున్నాడు.

కూడబలుక్కున్న వాక్యాలన్నీ ఎగిరిపోయాయి.

"మీరు టూ మచ్ ప్రేమిస్తున్నారు ఆంటీ" అన్నాను.

ఆవిడకి నచ్చలేదు. నిన్న నువ్వేం చేశావో చెప్పు అంది. నేనేం చేయలేదు, భయపడ్డాను అన్నాను. ఆవిడ లేచి, లివర్ ముక్క పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, చాలా సీరియస్‌గా అడిగింది.

"భయపడటం ఎలాగో నాకు నేర్పు."

లోకంలో నాకు బాగా వచ్చిన విద్య అదొక్కటే. నేర్పడానికి ఒప్పుకున్నాను. నేర్పితే ఇల్లిస్తారా అని మాత్రం అడగలేకపోయాను. నోటిదాకా వచ్చింది, భయమేసింది.

రోజూ వెళ్లేదాన్ని. ముందు అటు తిరగమన్నాను. కళ్లతో చూడకూడదు, మనసులో కూడా చూడకూడదు అన్నాను. భుజాలు దగ్గరికి లాక్కోండి, ఊపిరి సగమే పీల్చండి, ఇల్లు తగలబడుతోందేమో అనుకోండి. ఆవిడకి రావడం లేదు. నిలబడితే సరిహద్దులో జవానులా ఉంది. మీకు దేనికి భయం అని అడిగితే చాలాసేపు ఆలోచించి, దేనికీ లేదంది. దయ్యాలు? లేదు. డాక్టర్లు? లేదు. ఆఖరికి, కట్టెల పోగులో ఉండే వేటా పురుగు మీద పడితే మాత్రం ఒళ్లు జలదరిస్తుందని ఒప్పుకుంది. ఈ దేశంలో అరచేయంత ఉంటాయి ఆ మిడతలు. అయితే ఆంటన్ ఆంటన్ కాదు, వేటా అనుకోండి అన్నాను. అప్పటికి కొంచెం మెడ ముడుచుకుంది.

రెండో చిక్కు నేను. ఆంటన్ రోజూ వచ్చి నా పాదాల మీదే వాలేవాడు. నాకు ప్రాణాలు పోయేవి, ఆవిడకి మనసు చివుక్కుమనేది. అందుకని ఒకరోజు కాళ్లకి ఇంగువ రాసుకుని వెళ్లాను. వాడు వచ్చాడు, వాసన చూశాడు, ఏడుసార్లో ఎనిమిదిసార్లో తుమ్మి, నన్ను చాలా బాధగా చూసి, దూరంగా వెళ్లి కూర్చున్నాడు. గుడ్రున్ ఆంటీ కూడా తుమ్మింది. ఇది మందా అని అడిగింది. పప్పులో వేస్తాం అన్నాను. ఆవిడ మా పప్పు ఎప్పటికీ తిననంది.

రోజూ ఇంగువ రాసుకునే వెళ్లడంతో వాడు నా దగ్గరికి రావడం మానేశాడు గానీ ఆవిడ దగ్గరికీ వెళ్లలేదు. ఇద్దరం పెరటి మెట్ల మీద, వెనక గుమ్మంలో ఉన్న వాడికి వీపులు పెట్టి కూర్చునేవాళ్లం. నేను మెంతికూర వలిచేదాన్ని, ఆవిడ ఊరికే భయపడుతూ కూర్చునేది. ఆవిడ చెవులు మాత్రం వెనక్కే ఉండేవి. అదే తప్పు. చూడకపోయినా ఎదురుచూస్తోంది. వాడికి ఆ సంగతి తెలిసిపోతోంది. అది ఇంగ్లీషులో చెప్పడం నాకు రాలేదు.

ఒక శుక్రవారం నాడు, గడ్డిలో ఆడుతున్న వర్షితకి ఒక్కసారిగా దగ్గు తెర వచ్చింది. మొహం ఎర్రబడి, ఊపిరి అందక చేతులు కొట్టుకుంది. పిల్ల పీల్చే మందు పంపు నా సంచి అడుగునెక్కడో ఉంది. వెతికితే మెంతికూర కట్టలు తప్ప ఏదీ చేతికి రావడం లేదు. గుడ్రున్ ఆంటీ రెండంగల్లో వెళ్లి పిల్లని ఎత్తుకుని మెట్టు మీద కూర్చుంది. నిటారుగా భుజాన వేసుకుని వీపు రుద్దుతూ, ఏదో జర్మన్ పాట సన్నగా పాడింది. నేను పంపు తీసి పట్టేసరికి పిల్ల ఆవిడ మెడలో మొహం దూర్చేసింది. పిల్లికూతలు నెమ్మదించాయి.

మీ ఇంట్లో చెమ్మా అని అడిగింది ఆవిడ. గోడ మీద వేలితో పేరు రాయచ్చు అన్నాను. ఈ సంగతి మొదటిరోజే ఎందుకు చెప్పలేదు అంది. మీరు అడిగింది కుక్కకి నచ్చడం గురించే కదా ఆంటీ అన్నాను. ఆవిడ ఖాళీగా ఉన్న వెనక ఇంటి వైపు చూసింది. పిల్ల వీపు రుద్దుతూనే ఉంది.

అప్పుడొచ్చాడు ఆంటన్. మేమిద్దరం వాణ్ని పూర్తిగా మర్చిపోయి ఉన్నాం. నెమ్మదిగా ఒక్కో మెట్టూ దిగి, నా ఇంగువ కాళ్లకి దూరంగా చుట్టు తిరిగి, ఆవిడ గమ్ బూటు వాసన చూసి, దాని మీద గడ్డం పెట్టి ఒరిగిపోయాడు.

గుడ్రున్ ఆంటీ బిగుసుకుపోయింది. ఇప్పుడు చూస్తే నిజంగా భయపడుతున్న మనిషిలా ఉంది.

"నా కాలి మీద బరువుగా ఉంది" అంది పెదవులు కదపకుండా.

"చూడకండి ఆంటీ."

"నవ్వుతున్నాడా?"

ఆవిడ చూడకూడదు. కాబట్టి నేనే చూడాలి. పుట్టి బుద్ధెరిగాక ఒక కుక్క నోట్లోకి కావాలని వంగి చూడటం అదే మొదటిసారి.

"అన్ని పళ్లూ కనిపిస్తున్నాయి" అన్నాను.

ఆవిడ ముక్కు ఎగబీల్చింది. అది ఇంగువ వల్ల కాదు. తర్వాత తల తిప్పకుండానే చెప్పింది, వెనక ఇంటి తాళం తన కుడి జేబులో ఉందని, తను కదిలితే వాడు లేచిపోతాడని, నన్నే తీసుకోమని. కుడి జేబు కిందే ఉంది ఆంటన్ తల. నేను చెయ్యి చాపాను. వాడు ఒక కన్ను తెరిచాడు. చెయ్యి వెనక్కి తీసేసుకున్నాను.

మా ఆయనకి ఫోన్ చేశాను. ఆయన డ్యూటీ నుంచి తిన్నగా వచ్చి, ధైర్యంగా ఒక అడుగు ముందుకు వేశారు. ఆంటన్ గుర్రుమన్నాడు. ఆయన కూడా వచ్చి మా పక్కనే మెట్టు మీద, వాడి వైపు చూడకుండా కూర్చున్నారు. వర్షిత ఆవిడ భుజం మీద నిద్రపోయింది. పెరట్లో నీడలు సాగాయి, చలి మొదలైంది, ఎవరం కదల్లేదు. ఎదురుగా మా ఇల్లు. మేం తలుపు తీసుకుని లోపలికి వెళ్లింది మాత్రం ఆంటన్ గారికి ఒంటేలు వచ్చి, లేచి, నిమ్మచెట్టు దాకా వెళ్లాకే.