ఇద్దరు గట్టయ్యల రిటైర్మెంటు

తొమ్మిదో తరగతి పిల్లలు రాసుకొచ్చిన ‘మా ఇంటి చరిత్ర’ దిద్దుతూ గ్లోరియా టీచర్ హర్షిణి పుస్తకం దగ్గర ఆగిపోయింది. ఆ పేజీ మళ్లీ చదివి, హర్షిణిని బల్ల దగ్గరికి పిలిచింది.

“మీ తాత తండ్రి పేరు బక్కయ్య. మీ అవ్వ తండ్రి పేరు కూడా బక్కయ్యేనా?”

“అవును టీచర్. ఇద్దరిదీ కాసిపేటనే.”

“అంటే ఒక్కడే బక్కయ్యనా?”

హర్షిణి అప్పుడు ఆలోచించింది. అవ్వ సంగతులు అవ్వ పూలమ్మే చెప్పింది. తాతవి మాత్రం ఆయన గని గుర్తింపు కార్డు చూసి తనే ఎక్కించుకుంది. వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు.

గోదావరిఖనిలోని కంపెనీ క్వార్టరుకు రాగానే కార్డు అవ్వ ముందు పెట్టింది.

“అవ్వా, నువ్వు నీ అన్ననే పెండ్లి చేసుకున్నవా?”

“థూ! నీ నోట్లె మన్నువడ,” అని చేతిలోని చేట కింద పెట్టింది పూలమ్మ. తర్వాత కార్డు చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

హర్షిణికి ఇన్నాళ్లూ తెలిసింది ఒక్కటే. తాతను కాలనీలో గట్టయ్య అంటారు, చుట్టాలు రాయమల్లు అంటారు. రెండోది ముద్దుపేరనుకుంది. పూలమ్మ చెప్తేగాని అసలు సంగతి తెలియలేదు.

గట్టయ్య అంటే పూలమ్మ అన్న. డెబ్బై నాలుగులో బొగ్గుబాయిలో నౌకరీ వచ్చింది ఆయనకే. మొదటిరోజు చెల్లెలి మొగుడు రాయమల్లు సద్ది గిన్నె పట్టుకుని తోడు వెళ్లాడు. భూమిలోకి వాలుగా దిగిపోయే ఆ చీకటి నోరు చూడగానే గట్టయ్య “ఒంటికి పోయొస్త” అని పక్కకు వెళ్లాడు. మళ్లీ రాలేదు. హాజరు పిలిచే గుమాస్తా “గట్టయ్య!” అని మూడుసార్లు అరిచాడు. బావకు మొదటిరోజే నాగా పడుతుందని రాయమల్లు భయపడి “ఉన్న” అన్నాడు. అయిదు నిమిషాల్లో ఆయన నెత్తిన టోపీ, దానికో లైటు. ఆ ఒక్క రోజుకే అనుకుని దిగాడు.

గట్టయ్య కాసిపేటలో ఎనిమిది రోజులు జ్వరంతో పడుకున్నాడు. తొమ్మిదోనాడు లేచి, “నువ్వే పో బావా, నీకు అలవాటైంది గద,” అన్నాడు.

అలా ముప్పై అయిదేళ్లు గడిచాయి. పేరు పోయినందుకు రాయమల్లుకు పెద్దగా బాధ లేదు. బాధంతా వయసు గురించే. గట్టయ్య ఆయనకంటే మూడేళ్లు పెద్ద. ఇప్పుడు ఆ కాగితాల ప్రకారం ఆగస్టు ముప్పై ఒకటిన రిటైరవ్వాలి.

“నా వయసు ఇంక యాభై ఏడే. ముసలోడైంది ఆయన, ఇంటికాడ కూసునేది నేను!” అని భార్య దగ్గర సణిగేవాడు. బయట సణగడానికి లేదు కదా.

ఆ ఆదివారం హర్షిణి అవ్వను వెంటబెట్టుకుని కాసిపేట బస్సెక్కింది. చరిత్ర అన్నాక రెండో పక్క కూడా వినాలి కదా.

“నేను పారిపోలే బిడ్డా. జరమచ్చింది,” అన్నాడు గట్టయ్య.

“బాయి చూడకముందు వచ్చిందా, చూసినంకనా?”

గట్టయ్య కాసేపు గడ్డం గోక్కున్నాడు. “చూసినంక.”

వచ్చేముందు హర్షిణి మాటల్లో మాటగా ముప్పై ఒకటిన సన్మానం ఉందనీ, బ్యానరు మీద గట్టయ్య అనే రాస్తారనీ చెప్పింది. పూలమ్మ గిల్లింది కానీ అప్పటికే ఆలస్యమైంది.

ముప్పై ఒకటిన గని ఆఫీసు ముందు షామియానా వేశారు. రాయమల్లు కొత్త బట్టల్లో చెమటలు తుడుచుకుంటున్నాడు. అంతలో ఆటోలోంచి గట్టయ్య దిగాడు. తెల్ల ధోవతి, ఎర్ర కండువా, జుట్టుకు నల్లరంగు.

“నువ్వెందుకచ్చినవు బావా?”

“నా పేరు మీద సన్మానమైతే నేను లేకుంటె ఎట్ల?”

“నీ కాల్మొక్త. వెనక కూసో.”

గట్టయ్య ముందు వరసలో కూర్చున్నాడు.

స్టేజీ మీద ఉన్న ఆఫీసరు బిహారు నుంచి వచ్చి నెల కూడా కాలేదు. పక్కన గుమాస్తా జాన్ ప్రసాద్ మైకు అందుకుని, “గట్టయ్య గారు వేదిక మీదికి రావాలె,” అన్నాడు. ఇద్దరూ లేచారు. రాయమల్లు బావను చూసి దబ్బున కూలబడ్డాడు. గట్టయ్య నడిచి వెళ్లాడు. ఆఫీసరు ఆయన మెడలోనే దండ వేశాడు.

ఇరవై ఏళ్లుగా రాయమల్లు పక్కన బొగ్గు తీసిన సదయ్య ఆగలేకపోయాడు. “ఆయన కాదు సార్! ఆయన అసలు గట్టయ్య!”

ఏమంటున్నాడని ఆఫీసరు అడిగాడు. జాన్ ప్రసాద్, ఈయన గట్టయ్య గారి బావ, పొరపాటున ముందు వచ్చాడని హిందీలో చెప్పాడు. ఇంకో కుర్చీ వేయించి రాయమల్లును చేయిపట్టి తీసుకొచ్చాడు. ఈలోపు గట్టయ్య మైకు లాక్కున్నాడు.

“నేను బాయిల ఒక్క దినం దిగలే. కానీ ఈయన కాలు ఇరిగినప్పుడు, గట్టయ్య కాలు ఇరిగిందని మా ఊరికి కబురచ్చింది. నేను నా రెండు కాళ్లు తడుముకొని చూసుకున్న. మా అమ్మ నన్ను వట్టుకొనే ఏడ్సింది. నాకు రావాల్సిన దెబ్బ గీయన తిన్నడని గప్పుడు ఎరుకైంది.” మెడలోని దండ తీసి రాయమల్లుకు వేశాడు. రాయమల్లు తల వంచుకుని ముక్కు తుడుచుకున్నాడు.

ఆఫీసరు మళ్లీ జాన్ ప్రసాద్ వైపు చూశాడు.

“బావలిద్దరిదీ ఒకటే ప్రాణం అంటున్నాడు సార్.”

అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది ఆఫీసరే.

గ్లోరియా టీచర్ హర్షిణి కొత్తగా రాసిన చరిత్రను పేర్లు మార్చి క్లాసులో చదివింది. మర్నాడు నలుగురు పిల్లలు వచ్చి, తాతల పేర్లు దిద్దుకొస్తామని తమ పుస్తకాలు వెనక్కి తీసుకెళ్లారు.

ముప్పై అయిదేళ్ల సర్వీసుకిచ్చిన ప్రశంసాపత్రం మాత్రం గట్టయ్య అడిగి తీసుకున్నాడు. పూలమ్మ అన్న మీదికి లేచింది. “తీస్కపోనియ్యి, నా పేరైతె దాన్ల లేదు గద,” అన్నాడు రాయమల్లు. సన్మానంలో కప్పిన శాలువా మాత్రం ఇవ్వలేదు.

ఇప్పుడా ప్రశంసాపత్రం పటం కట్టి కాసిపేటలో గట్టయ్య ఇంటి గోడకుంది. వచ్చినవాళ్లందరికీ ఆయన గని లోపలి వేడి గురించి, పైకప్పుకు దన్నుగా పెట్టే దుంగల గురించి, ఏ పొరలో బొగ్గు మెత్తనిదో చెప్తుంటాడు. రాయమల్లు వెళ్లినప్పుడు మంచం మీద కూర్చుని చాయ్ తాగుతూ వింటాడు.

“మూడో పొర కాదు బావా, నాలుగో పొర,” అంటాడు మధ్యలో.